ముల్లంగక్క నాలుగు పెట్టెలు

ముల్లంగక్క తన జన్మలో రబ్బరు బ్యాండు వాడలేదు. ఆవిడ గురించి ఏం చెప్పాలన్నా ముందు ఈ సంగతి చెప్పాలి. ముల్లంగి పీకగానే అందరిలా విదిలించేది కాదు. కత్తి వెనక వైపుతో రెండంటే రెండు దెబ్బలు కొట్టేది. రాలే మట్టి రాలేది, ఉండే మట్టి ఉండేది. ఆరేసి దుంపలు పక్కపక్కన పెట్టి, వాటిలోనే పొడుగ్గా ఉన్న రెండు ఆకులు మెలిపెట్టి, చుట్టూ తిప్పి, కొసను లోపలికి దోపేసేది. అంతే, కట్ట తయారు. నేర్చుకుందామని నేనూ ఎన్నోసార్లు కూర్చున్నాను. నా చేతిలో ఆకు పుటుక్కున తెగేది.

"నువ్వు దొంగని కట్టేసినట్టు కడుతున్నావే చెల్లీ. అట్లా కాదు, చంటిదాన్ని ఒళ్లో పడుకోబెట్టినట్టు కట్టాలి" అని నవ్వేది.

ఆవిడది కాలవ పక్కన సన్నటి కౌలు చెక్క. ముసలి తల్లీ తనూ, అంతే ఇంట్లో. మా వైపు నల్లమట్టి. ఆ బిగువు మట్టిలో ముల్లంగి తిన్నగా దిగదు, చీలిపోయి రెండు కాళ్లొస్తాయి. అందుకే ఎవరూ వేసేవారు కాదు. అక్క మాత్రం కాలవలో పూడిక తీసినప్పుడు ఆ ఒండ్రు గంపలతో మోసుకొచ్చి, మోకాలెత్తు బోదెలు కట్టి, వాటి మీద విత్తేది. మొదటి రెండేళ్లూ కాళ్లున్న ముల్లంగే వచ్చింది. "పంట కాదే ఇది, ప్యాంట్లేసుకున్న ఆఫీసర్లు" అని తనమీద తనే జోకులేసుకుంది. మూడో ఏడు నిటారుగా దిగింది. అప్పటినుంచీ ఆవిడ అసలు పేరు అందరూ మర్చిపోయారు. ముల్లంగక్క అయిపోయింది.

ఆవిడని మా ఇంటికి తెచ్చింది మా ఆయనే. ఆయన మోటార్లు బాగుచేసేవారు. పొలాల్లో పంపు చెడితే పాత వ్యాను వేసుకుని వెళ్లేవారు. వెళ్లినచోటల్లా ఒకటే చూసేవారు. రైతులు కొనేవాళ్లు లేక వంకాయలు పశువులకు వేస్తుంటే, మా ఊళ్లో లారీల మీద వారం కిందటి వంకాయలు దిగేవి. ఇంటికొచ్చి అన్నం కలుపుతూ ఆ మాటే చెప్పేవారు. చెప్పీ చెప్పీ, ఒకరోజు రైతులే నేరుగా అమ్ముకునేందుకు పాత బస్సు షెడ్డు అద్దెకు తీసుకున్నారు. నలుగురు రైతులతో మొదలై నలభై మంది దాకా అయ్యారు.

షెడ్డుకు రెండే నియమాలు. రెండూ ఆయన పెట్టినవే. మొదటిది, తెల్లవారి సరుకు తెచ్చిన మనిషి ఎండెక్కేలోగా తిరిగి తన చేలో ఉండాలి. అంతకంటే దూరంనుంచి ఏదీ రాకూడదు. రెండోది, దుంపలు కడగకూడదు. దూరంనుంచి వచ్చే దుంపల్ని కడిగి, తెల్లగా తళతళలాడేట్టు చేసి అమ్ముతారు. అక్కడి మట్టి ఎర్రది. మనది నలుపు. మట్టి చూస్తే చాలు, ఎక్కడిదో తెలిసిపోవాలి అనేవారు ఆయన.

మొదట్లో జనం ఆడిపోసుకున్నారు. "మట్టిని కూడా తూకం వేస్తున్నారేంటండీ" అని ఒకావిడ రోజూ దెబ్బలాడేది. ముల్లంగక్క ఆవిడకి కట్ట చేతికిచ్చి, "మట్టి ఫ్రీ అమ్మా. కుండీలో వేసుకోండి, పూలు పూస్తాయి" అంది. ఆవిడ నవ్వలేదు కానీ, మర్నాడు సంచి కాస్త పెద్దది తెచ్చుకుంది. ఏడాది తిరిగేసరికి నల్లమట్టి లేకపోతే జనం దుంప ముట్టుకోవడం మానేశారు. గోటితో గీకి చూసి మరీ కొనేవారు. చివరికి పెద్దాసుపత్రి వంటశాల కూడా మా షెడ్డు సరుకే తీసుకోవడం మొదలుపెట్టింది. అది వచ్చాకే రైతులకు ధైర్యం వచ్చింది. రోజూ ఎంత కావాలో ముందే తెలుస్తుంది కదా, దాన్ని బట్టి విత్తుకోవచ్చు.

ఆసుపత్రి వంటాయన ఒకటే షరతు పెట్టాడు. ఏ రోజూ తక్కువ రాకూడదు. తక్కువ వస్తే మొత్తం మానేసి లారీ సరుకుకే వెళ్లిపోతానన్నాడు.

మూడేళ్ల కిందట కాలవకు నీళ్లు వదల్లేదు. ఎండలు మండిపోయాయి. ముల్లంగక్క బిందెలతో మోసి పోసింది. ఆ భుజం వాపుకు నేనే కాపడం పెట్టాను. ఆసుపత్రికి రోజుకు ఏడు పెట్టెల ముల్లంగి కావాలి. అక్క చేలో నాలుగుకు మించి లేచేది కాదు. మా ఆయనకు ఆ రోజుల్లో అన్నం సయించేది కాదు. షెడ్డు పోతుందేమోనని బెంగ అనుకున్నాను. అది నిజమే.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున నన్ను, "నారు పెట్టెలకు మెత్తటి మట్టి కావాలి. కాస్త జల్లించి పెట్టవా" అని అడిగారు. పెరట్లో చిక్కుడు పాదు దగ్గర మట్టి తవ్వి, నా పిండి జల్లెడతోనే పట్టాను. వేరే జల్లెడ లేదు మరి. నేను అలా కూర్చునుండగా అక్క దొడ్డివైపునుంచి వచ్చింది.

"ఏంటే, పిండి నిండుకుందా? మట్టి రొట్టెలు వేస్తున్నావా మా తమ్ముడికి?"

"నారు పెట్టెలకట అక్కా."

అక్క ఒక గుప్పెడు తీసి వేళ్ల మధ్య రాలుస్తూ, "మొలకలకి ఇంత మెత్తనిదెందుకే? పసిపిల్లలకి పౌడరద్దినట్టుంటుంది" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. టీ తాగి వెళ్లింది. ఆ మట్టి ఆయన వర్క్‌షాపుకు పట్టుకెళ్లారు. తర్వాత ఇంకో రెండుసార్లు జల్లించి ఇచ్చాను. జల్లెడ మాత్రం తిరిగి రాలేదు. అడిగితే, ఎక్కడో పోయిందిలే, కొత్తది కొనుక్కో అన్నారు.

నెల తిరక్కుండానే ఆసుపత్రి వంటాయన షెడ్డుకు తనే వచ్చాడు. చేతిలో ముల్లంగి కట్ట. కట్ట మీద నల్లమట్టి, ఆకుల కింద నీలం రంగు రబ్బరు బ్యాండు. లారీ సరుకుకు వేసేది ఆ బ్యాండే. ఊళ్లో అందరికీ తెలుసు.

"దుంప కడిగి చూస్తే వేర్ల సందుల్లో మీ మట్టి లేదు. పైన పూత మాత్రమే ఉంది. ఎవరిదిది?" అన్నాడు.

పెట్టెకు కట్టిన అట్టముక్క మీద ముల్లంగక్క పేరుంది. అక్కకు చదువు రాదు. అట్టముక్కలు రాసేది మా ఆయనే.

ఆ సాయంత్రమే మీటింగు పెట్టారు. నేను టీలు అందిస్తున్నాను కాబట్టి అంతా నా కళ్లముందే జరిగింది. షెడ్డుకు పెద్ద పాలాయన. పాలు పోసే మనిషే కానీ మాట గట్టిది. ఆయన కట్ట బల్లమీద పెట్టి, "ఏంటమ్మా ఇది?" అన్నాడు.

అక్క కట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. భయపడలేదు. ఆవిడకు నవ్వొచ్చింది. "ఇది నాదా? నేను రబ్బరు బ్యాండు వెయ్యడం ఎవరన్నా చూశారా? ఈ దుంప చూడండి, కొవ్వొత్తిలా ఉంది. నాది మెడ దగ్గర కాస్త లావుంటుంది, నాలాగే."

ఒకరిద్దరు నవ్వారు. పాలాయన నవ్వలేదు. "ఆసుపత్రికి నీ పేరుమీద రోజుకు ఏడు పెట్టెలు వెళ్లాయి."

"ఏడా? నేను తెచ్చింది నాలుగు. నాలుగే తెచ్చాను." అక్క మా ఆయన వైపు తిరిగింది. "తమ్ముడూ, నువ్వే కదా దింపించుకున్నది. చెప్పు. నాలుగు కాదూ?"

నా చేతిలో టీ పళ్లెం ఉంది. ఆయన అక్క మొహం చూడలేదు. బల్లమీద అట్టముక్కల్ని సర్దుతూ అన్నారు.

"చీటీలు ఏడున్నాయక్కా."

అంతే అన్నారు. అక్క ఎవరో కొరడాతో కొట్టినట్టు ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ తర్వాత అంతా గోల. "ఎండాకాలంలో ఏడు పెట్టెలు ఎట్లా లేస్తాయి, అప్పుడే అనుకున్నా" అని ఒకరు, "ఒక్కరి వల్ల నలభై మంది నోటి దగ్గర కూడు పోతుంది" అని ఇంకొకరు. గోడ మీద నల్లబల్ల మీద సుద్దతో ఆవిడ పేరు రాసి, ఈ మనిషి సరుకు ఇకమీదట తీసుకోబడదు అని కింద రాశారు. ఆసుపత్రి వంటాయన అది చూసుకుని శాంతించాడు.

అక్క వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగింది. నా మొహంలోకి చూసింది. ఏదో అడుగుతుందనుకున్నాను. నేను తల దించుకుని కప్పులు ఏరుకున్నాను. నా మనసులో ఏముందో దాచను. అక్కే తప్పు చేసిందనుకున్నాను. మా ఆయన అబద్ధం ఆడతారని నాకెందుకు తోస్తుంది? కష్టంలో ఉంది, నీళ్లు లేవు, తప్పు చేసుంటుంది అనుకున్నాను. జాలి కూడా పడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే రోత పుడుతుంది.

తర్వాత ఆవిడ కౌలు వదిలేసింది. తల్లి పోయింది. నేను పరామర్శకు వెళ్లలేదు. వెళ్దామా అంటే, "ఇప్పుడెందుకులే, మళ్లీ లేనిపోనివి వస్తాయి" అన్నారు ఆయన. ఆ మాట అన్నాక రాత్రి అన్నం తినలేదు. అప్పుడు కడుపునొప్పి అన్నారు.

కిందటేడు ఆయన కూడా పోయారు. ఒక చేలో పంపు బిగిస్తూ, గట్టు మీద కూర్చుని, మంచినీళ్లడిగి, నీళ్లు వచ్చేలోపే అయిపోయింది. షెడ్డు షెడ్డంతా మా ఇంట్లోనే ఉంది ఆ రోజు. ముల్లంగక్క కూడా వచ్చిందని తర్వాత ఎవరో చెప్పారు. గేటు లోపలికి రాకుండా కాసేపు నిలబడి వెళ్లిపోయిందట.

ఎనిమిది నెలలు నేను వర్క్‌షాపు తలుపు తీయలేదు. ఉదయం లేస్తే ఇప్పటికీ రెండు కప్పులు కడిగేస్తాను. రెండోది కడిగాక గుర్తొస్తుంది. కొత్త మెకానిక్ ఎవరో అద్దెకు అడిగితే, శుభ్రం చేద్దామని ఒక మధ్యాహ్నం తాళం తీశాను.

ఆయన ఏదీ పారేసే మనిషి కాదు. వంగిన మేకులు తిన్నగా కొట్టి డబ్బాలో వేసుకునేవారు. చిరిగిన బెల్టులు, తెగిన వైర్లు, అరిగిన బేరింగులు, అన్నీ సర్ది ఉన్నాయి. వెనక మూల ఒక ప్లాస్టిక్ తొట్టి, అందులో అడుగున ఎండి బీటలువారిన నల్లమట్టి. తొట్టి మీద నా పిండి జల్లెడ బోర్లించి ఉంది. చెక్క చట్రం మీద గుర్తుకు నేను కత్తితో పెట్టుకున్న గాటు అలాగే ఉంది. దాని పైన గోడకు ఒక మేకు. మేకుకు నీలం రంగు రబ్బరు బ్యాండ్లు గుత్తిగా తగిలించి ఉన్నాయి. వంద ఉంటాయో రెండొందలుంటాయో. కట్టలు విప్పి, దుంపలకు మట్టి పూసి, బ్యాండ్లు మాత్రం పారేయలేక మేకుకు తగిలించుకున్నారు. పనికొస్తాయని. ఏదో ఒకరోజు ఒకటి విప్పడం మర్చిపోయారు. అక్క బతుకు బజారున పడటానికి ఆ ఒక్క మరుపు చాలింది.

నేను అక్కడే నేలమీద కూర్చుండిపోయాను. అరుద్దామంటే ఎవరిమీద అరవాలి? ఫోటోలో మనిషి నవ్వుతూనే ఉంటాడు. పదకొండేళ్లు నా చేతి అన్నం తిన్న మనిషి, నా జల్లెడతో, నా చేతులతో, నా పెరటి మట్టితోనే ఆ పని చేయించుకున్నాడు. ఏడుపు ఆగిపోయిన నాకు మళ్లీ ఏడుపొచ్చింది, కానీ ఇది వేరే ఏడుపు.

ఆ వారంలోనే పాలాయన ఇంటికొచ్చాడు. "చెల్లెమ్మా, ఆదివారం షెడ్డులో మనవాడి ఫోటో పెడుతున్నాం. మంచిది ఒకటి చూసి ఇవ్వు. గోడకు మేకు కూడా కొట్టించాను" అన్నాడు. ఆ గోడ నల్లబల్ల ఉన్న గోడే. ఒక పక్క ఆయన ఫోటో, ఇంకో పక్క అక్క పేరు. నేను సరేనని తల ఊపాను. 

మర్నాడు అక్కను వెతుక్కుంటూ వెళ్లాను. బస్టాండు వెనక లారీ సరుకు దించే చోట సిమెంటు తొట్లుంటాయి. కాళ్లకు రబ్బరు బూట్లు వేసుకుని ఆడవాళ్లు క్యారెట్లు కడుగుతున్నారు. అందులో పొడుగ్గా ఉన్నావిడ అక్క. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి చేతిలో పని ఆపలేదు.

సంచిలోంచి జల్లెడా, బ్యాండ్ల గుత్తీ తీసి తొట్టి గట్టు మీద పెట్టాను.  "నాకు తెలియదక్కా" అన్నాను. అదొక్కటే వచ్చింది.

ఆవిడ బ్యాండ్లు చూసింది, జల్లెడ చూసింది.  "ఆ రోజు నువ్వు పట్టిన మట్టి ఇది."

"నారు పెట్టెలకన్నారు."

"అన్నారులే. నేను ఆ మీటింగు నుంచి ఇంటికి నడుస్తుంటే దారిలో ఆ మట్టి గుర్తొచ్చింది. పౌడరులా జల్లించి పెట్టావు చూడు, అది. అప్పుడర్థమైంది. మొగుడూ పెళ్లాం కలిసే చేశారనుకున్నా."

"నన్నొచ్చి అడగొచ్చు కదక్కా."

"ఎట్లా అడగనే? నువ్వు అవునంటే?" క్యారెట్టు నీళ్లలో వదిలేసింది. "మా తమ్ముడు మోసం చేశాడంటే తట్టుకున్నా. మగాడు, ఏదో నెత్తినేసుకున్నాడు, బయటపడలేకపోయాడు అనుకున్నా. నువ్వు కూడానా అనుకున్నప్పుడే నాకు అన్నం దిగలేదు."

మూడేళ్లు ఆవిడ నన్ను దొంగనుకుంది. నేను ఆవిడని దొంగనుకున్నాను. మధ్యలో ఉన్న మనిషి ఇద్దరికీ ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

పక్క తొట్టి ఆవిడ, "ఏంటక్కా, ఎవరు?" అంది. "మా మరదలు" అంది అక్క. తర్వాత నా వైపు తిరిగి, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ అంది. "చూశావా, మీ ఆయన మట్టి పూశాడు, నేను మట్టి కడుగుతున్నాను. బతుకంతా మట్టితోనే అయిపోయింది మా ఇద్దరికీ." నవ్వింది. ఆ నవ్వు చూడలేకపోయాను.

"ఆదివారం షెడ్డుకు రా అక్కా. అందరిముందూ చెప్తాను."

"నేను రాను. నువ్వు చెప్పుకుంటే చెప్పుకో. నీ మొగుడు నీకు కావాలో వద్దో నువ్వే తేల్చుకోవాలి, నేను చెప్పేదేముంది?"

ఆదివారం ఫోటో తీసుకెళ్లలేదు. జల్లెడ, బ్యాండ్లు తీసుకెళ్లాను. నలభై మందిలో పాతికమంది దాకా వచ్చారు. నేను నలుగురిలో మాట్లాడిన మనిషిని కాను. బల్లమీద రెండూ పెట్టి, "అక్క తెచ్చింది నాలుగే. మిగిలిన మూడూ మా ఆయన లారీ సరుకు కొని మట్టి పూసి కలిపారు. ఆ మట్టి నేనే జల్లించాను. అక్క పేరు చెరిపేయండి" అన్నాను. ఇంతే. 

 వాళ్లు ఉలిక్కిపడతారనుకున్నాను. ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆసుపత్రికి సరుకు చేరవేసే వ్యాను డ్రైవరు తన చెప్పులు చూసుకుంటున్నాడు. ఒకాయన బయటికెళ్లి బీడీ ముట్టించాడు. పాలాయన లేచి, జల్లెడను తీసి మెల్లగా నా సంచిలో పెట్టబోయాడు.

"ఇప్పుడెందుకు చెల్లెమ్మా ఇవన్నీ? పోయినాయన పోయాడు. ఆసుపత్రివాళ్ల చెవిన పడితే షెడ్డు మూసుకోవడమే."

"మీకు తెలుసా?" అన్నాను.

ఆయన జల్లెడను మళ్లీ బల్లమీద పెట్టేశాడు. "ఆ ఎండల్లో ముల్లంగి ఎక్కడినుంచి వస్తోందో రైతులం, మాకు అర్థం కాదా? ఎవరో ఒకరిమీద పెట్టకపోతే వంటాయన ఊరుకోడు. ఆవిడ ఒంటరి మనిషి, ఎట్లాగో బతుకుతుంది అనుకున్నాం. మనవాడు లేకపోతే షెడ్డే లేదు."

 ఒక్క మనిషి చేసిన మోసం అనుకుని వచ్చాను. ఆ రోజు గోల చేసినవాళ్లంతా, కూడు పోతుందని అరిచినవాళ్లంతా, తెలిసే అరిచారు. తెలియక తల దించుకున్నది నేనొక్కదాన్నే.

"పేరు చెరపండి. లేకపోతే ఈ జల్లెడ పట్టుకుని ఆసుపత్రికి నేనే వెళ్తాను" అన్నాను.

అది నా నోటివెంట వచ్చిందంటే నేనే నమ్మలేకపోయాను. పాలాయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. డ్రైవరు లేచి, తడిగుడ్డ తెచ్చి నల్లబల్ల తుడిచాడు. ఎందుకు తుడుస్తున్నారో ఎవరూ పైకి అనలేదు. అక్కకు కబురు పెడదామనీ అనలేదు. సుద్ద అయితే పోయింది కానీ, మూడేళ్లు ఉన్న అక్షరాలు కదా, వంగి చూస్తే ఇప్పటికీ జాడ కనిపిస్తుంది. పక్కన ఫోటో కోసం కొట్టిన మేకు ఖాళీగా ఉంది. ఫోటో నేనివ్వలేదు. మా ఇంట్లోనే ఉంది. రోజూ దుమ్ము తుడుస్తాను, మాట్లాడను.

షెడ్డు నడుస్తూనే ఉంది. నేను అక్కడ కొనడం లేదు.

మొన్న పొద్దున గేటు చప్పుడైతే వెళ్లాను. ముల్లంగక్క. తనుంటున్న ఇంటి వెనక ఉన్న కాస్త జాగాలో బోదెలు కట్టుకుందట. పేరు చెరిపారని చెప్పాను. "ఊఁ" అంది, అంతే. చీర కొంగులోంచి ఒక కట్ట తీసి నా చేతిలో పెట్టింది. ఆరు దుంపలు, మెడ దగ్గర కాస్త లావు, వాటి ఆకుతోనే కట్టి ఉన్నాయి. చంటిదాన్ని పడుకోబెట్టినట్టే ఉంది కట్ట.

కానీ తెల్లగా ఉన్నాయి. శుభ్రంగా కడిగి, వేర్ల సందుల్లో కూడా నలుపన్నది లేకుండా.

"మట్టేదక్కా?" అన్నాను.

"మట్టి చూసి నమ్మేదెవరే ఇప్పుడు?" అంది. టీ తాగుతావా అని అడిగాను. పనికి టైమైందని వెళ్లిపోయింది.